గేజి చూడని రాత్రి

వంతెన స్తంభం మీద నలుపు తెలుపు పట్టీలతో ఒక గేజి ఉంటుంది. నదిలో నీళ్ళు ఎంత ఎత్తున ఉన్నాయో దాన్ని చూసి చెప్పొచ్చు. మామూలు రోజుల్లో దానివైపు ఎవరూ చూడరు. ఆ రెండు రోజులు మాత్రం నేను దాన్ని ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. పగలు గట్టెక్కి చూశాను, చీకటి పడ్డాక టార్చిలైటు వేసి చూశాను, ఇంటికొచ్చాక ఫోన్‌లో మళ్ళీ చూశాను. ఒక అంకె మునిగితే కడుపులో తిప్పినట్టయ్యేది. అరగంటపాటు నీళ్ళు అదే అంకె దగ్గర నిలిస్తే కాస్త ఊపిరి పీల్చుకునేవాణ్ణి.

ఆ వరద మా ఇంటిని ముంచలేదు. ఈ సంగతి ముందే చెప్పేస్తున్నాను. ఎందుకంటే ఇది మా ఇల్లు ఎలా నిలిచిందో చెప్పే సాక్ష్యం కాదు. అలా రాయడానికి నాకు మనసొప్పదు. మాకు దిగువన చాలా ఇళ్ళలోకి నీళ్ళు వెళ్ళాయి. ఆ ఇళ్ళలో నాకంటే ఎక్కువ ప్రార్థన చేసే విశ్వాసులు ఉన్నారు. నేను రాస్తున్నది నా రక్షణ గురించి, అంటే తీర్పు తప్పి దేవుడి దగ్గర భద్రంగా ఉండడం గురించి, దాన్ని నేను ఇన్నేళ్ళూ ఎక్కడ వెతుక్కున్నాను అనేదాని గురించి.

నేను బాప్తిస్మం తీసుకుని పదిహేనేళ్ళయింది. ఆ పదిహేనేళ్ళూ నాలో ఒక అలవాటు ఉండేది. అది అలవాటని కూడా నాకు తెలియదు. రోజూ పడుకునేముందు నా లోపలి నీటిమట్టం చూసుకునేవాణ్ణి. ఆ రోజు ప్రార్థన బాగా జరిగితే, వాక్యం చదువుతుంటే కళ్ళు చెమర్చితే, ‘పర్లేదు, ప్రభువు నాతో ఉన్నాడు’ అనుకునేవాణ్ణి. కోపంలో మాట తూలితే, రెండు రోజులు బైబిలు తెరవకపోతే, ‘ఈ రాత్రి పోతే నా గతేంటి’ అని భయం పట్టుకునేది. ఉజ్జీవ కూడికల్లో ‘రక్షణ నిశ్చయత లేనివాళ్ళు చెయ్యెత్తండి’ అన్నప్పుడల్లా ఎత్తాను. ఆరుసార్లో, ఏడుసార్లో. ఆ తర్వాత సిగ్గేసి వెనక వరసలో కూర్చోవడం మొదలుపెట్టాను. మా పాస్టర్ గారు ఓపిగ్గా యోహాను సువార్త పదో అధ్యాయం తీసి, ‘ఎవడును వాటిని నా చేతిలోనుండి అపహరింపడు’ అన్న మాట చదివించేవారు. చదివినంతసేపు బాగానే ఉండేది. ఇంటికెళ్ళేసరికి మళ్ళీ మొదటికే వచ్చేది.

మొదటి ప్రమాద హెచ్చరిక మధ్యాహ్నం వచ్చింది. వరద అంటే గోడలా ఒక్కసారిగా మీద పడేదని అనుకుంటాం. కొండవాగుల్లో అలాగే జరుగుతుంది. పెద్ద నదిలో అలా కాదు. ఎగువన కురిసిన వాన నీరంతా కలిసి, ఎత్తు పెరుగుతూ, ఒక పోటుగా కిందికి కదులుతుంది. ఎగువన ఎంత పెరిగిందో తెలిస్తే, కింద ఉన్నవాళ్ళకి కొన్ని గంటల ముందే ఫలానా వేళకి ఇంత ఎత్తు రావచ్చని చెప్పగలరు. అలా ముందే చెప్పడం ఎంత పెద్ద మేలో అప్పుడు నాకు అర్థం కాలేదు. హెచ్చరిక వినగానే నాకు వచ్చింది టెన్షన్ మాత్రమే.

అమ్మ, నా భార్య, పాప, నేను. నలుగురం కలిసి ఇల్లు సర్దాం. కాగితాలన్నీ రెండు ప్లాస్టిక్ కవర్లలో పెట్టి మూతి గట్టిగా కట్టాను. గ్యాస్ సిలిండర్ వాల్వు మూసి, నీళ్ళొస్తే తేలిపోకుండా కిటికీ ఊచకి కట్టాను. సామాన్లు అటక మీదికి చేర్చాం. మెయిన్ స్విచ్ చివర్లో ఆపాలి. ఒకసారి ఇంట్లోకి నీళ్ళొచ్చాయంటే, నీళ్ళలో నిలబడి దాన్ని ముట్టుకోకూడదు. అమ్మ తన బైబిలు, కళ్ళజోడు, మందుల పెట్టె ఒక సంచిలో వేసుకుని కుర్చీలో కూర్చుంది. అంతే, ఆవిడ సర్దుకోవడం అయిపోయింది.

పక్కింటి మామయ్యగారిని కూడా రమ్మని అడిగాను. ‘ఈ గట్టు నాకు కొత్తా? నా చిన్నప్పటినుంచి చూస్తున్నా. ఇలాంటివి ఎన్ని వచ్చాయి!’ అన్నారు. పునరావాస కేంద్రం ఎక్కడో ఆయనకు తెలుసు, దారి తెలుసు, అక్కడ మేడ మీద గదులు ఎన్నో కూడా తెలుసు. అన్నీ తెలిసి మంచం మీదే కూర్చున్నారు. చివరికి రాత్రి ఎనిమిదింటికి వాళ్ళబ్బాయి వచ్చి చెయ్యిపట్టుకుని తీసుకెళ్ళాడు. ఆయన్ని తప్పు పట్టడానికి ఇది రాయడం లేదు. జలప్రళయం రాకముందు, నోవహు ఓడలోకి వెళ్ళిన దినం వరకు జనం తింటూ, తాగుతూ, పెళ్ళిళ్ళు చేసుకుంటూ ఉన్నారని యేసు ప్రభువు లూకా 17వ అధ్యాయంలో చెప్పారు. అక్కడ ఆయన వాళ్ళ ఘోరమైన పాపాల జాబితా చదవలేదు. రోజూ అందరం చేసుకునే పనులే చెప్పారు. ఆ మాట ఎంత భయంకరమైనదో మామయ్యగారి గుమ్మంలో నిలబడ్డప్పుడు నాకు తెలిసింది.

మా ఇంట్లోవాళ్ళని బయల్దేరడానికి సిద్ధం చేసి నేను గట్టు దగ్గరికి వెళ్ళాను. సంఘంలోని కుర్రాళ్ళు, ఇంకా చాలామంది ఇసుక బస్తాలు నింపుతున్నారు. నేను మొదటి బస్తా నిండుగా నింపాను. ఒక పెద్దాయన నవ్వి సగానికి పైన కొంచెం ఉంచి మిగతాది గుమ్మరించేశారు. నిండు బస్తా రాయిలా గుండ్రంగా ఉంటుంది, పక్కదానితో కలవదు, మధ్యలో సందులుంటాయి. కాస్త వెలితిగా ఉంటే పరుచుకుని, ఒకదాని మీద ఒకటి అతుక్కుని కూర్చుంటుంది. ఇటుకలు పేర్చినట్టు, కింది వరస అతుకు మీద పై వరస బస్తా మధ్యభాగం వచ్చేలా పెట్టి, తొక్కాలి. నడుములు పడిపోయేదాకా పేర్చాం. గట్టు మీద రెండు వరసలు లేచాయి. నాకు ధైర్యం వచ్చింది. నీళ్ళు ఎంత పెరిగితే అంత ఎత్తు పేరుస్తాం, అంతే కదా అనుకున్నాను.

అప్పుడు ఎవరో కేకేశారు. గట్టుకు ఇవతల, ఊరివైపు, గట్టు పాదానికి పది అడుగుల దూరంలో నేలలోంచి నీళ్ళు ఉబుకుతున్నాయి. చిన్న గిన్నె వెడల్పంత. చుట్టూ సన్నని ఇసుక గుండ్రంగా పేరుకుంటోంది. నేను పరుగెత్తుకెళ్ళి ఒక బస్తా దాని నోటి మీద వేసి కూర్చున్నాను. ఇంజినీరు గారు వచ్చి నన్ను లేవమన్నారు.

‘మూస్తే ఆగదండీ. ఇక్కడ మూస్తే ఇంకోచోట లేస్తుంది. అవతల నీళ్ళ ఎత్తుకు గట్టు కిందున్న ఇసుక పొరల్లోంచి నీరు తోసుకొస్తోంది. తేటగా వస్తున్నంతసేపు కాస్త నయం. మట్టితో బురదగా వస్తే మాత్రం, కిందనుంచి గట్టును కొంచెం కొంచెంగా మోసుకొస్తోందని అర్థం. అప్పుడు బుంగ పడుతుంది. బుంగ పెద్దదైతే గండే.’

తర్వాత ఆయన దాని చుట్టూ బస్తాలతో బావి ఒరలాగా గుండ్రంగా కట్టించారు. నోరు మూయలేదు. ఆ ఒరలో నీళ్ళు నిండి, పైకి లేచి, ఆ నీటి బరువే కింది ఊటను వెనక్కి నొక్కడం మొదలుపెట్టింది. ఉబుకు తగ్గింది. కాసేపటికి ఇసుక రావడం ఆగింది, తేటనీరు మాత్రం వస్తూనే ఉంది. ఆయన ఒక మనిషిని అక్కడే కాపలా పెట్టి, నీళ్ళ రంగు మారితే వెంటనే కబురు పెట్టమన్నారు.

నేను ఆ ఒర పక్కన చాలాసేపు నిలబడ్డాను. గట్టు పైన రెండు వరసలు పేర్చినందుకు గర్వపడ్డాను గదా, నీళ్ళు పైనుంచి కాక కిందనుంచి వస్తున్నాయి. ఆ మాట దగ్గర నాకు అన్నయ్య గుర్తొచ్చాడు. ఎందుకో తర్వాత చెప్తాను.

రాత్రి తొమ్మిదిన్నరకి మేం కేంద్రానికి చేరాం. అది మిట్ట మీద కట్టిన హైస్కూలు. మాకు మొదటి అంతస్తులో ఒక తరగతి గది ఇచ్చారు. మూడు కుటుంబాలం. బెంచీలు గోడకి చేర్చి దుప్పట్లు పరిచాం. పది దాటగానే అమ్మ ప్రార్థన చేసుకుని పడుకుంది. పది నిమిషాల్లో గురక. నాకు ఒళ్ళు మండింది. ఇల్లేమవుతుందో తెలియదు, గట్టు నిలుస్తుందో లేదో తెలియదు, ఈవిడకి నిద్రెలా పడుతోంది?

నేను కిందికి దిగి గట్టువైపు బయల్దేరాను, గేజి చూడ్డానికి. మలుపు దగ్గర తాడు కట్టేశారు. అక్కడ రోడ్డు పల్లంలో వాన నీళ్ళు జోరుగా పారుతున్నాయి, మోకాళ్ళ దాకా కూడా లేవు. దాటి వెళ్ళిపోతానన్నాను. కాపలా ఉన్న కుర్రాడు చెయ్యడ్డం పెట్టాడు. ‘వద్దు సార్. పారే నీళ్ళు అరడుగున్నా మనిషిని పడేస్తాయి. రెండడుగులుంటే కార్లే కొట్టుకుపోతాయి’ అన్నాడు. వెనక్కి వచ్చాను. ఫోన్ తీశాను. సిగ్నల్ లేదు. కాసేపటికి చార్జింగ్ కూడా అయిపోయింది. కరెంటు ఎప్పుడో తీసేశారు.

పదకొండునుంచి తెల్లారేదాకా నీళ్ళు ఎంత ఉన్నాయో నాకు తెలిసే దారే లేకుండా పోయింది.

ఆ మొదటి గంట ఎలా గడిచిందో చెప్పలేను. వరండాలో అటూ ఇటూ తిరిగాను. ప్రార్థన చెయ్యబోతే మాట రాలేదు. చివరికి అమ్మ సంచిలోంచి బైబిలు తీసి టార్చిలైటు వెలుగులో ఆదికాండం ఆరో అధ్యాయం తెరిచాను. వరద రోజు కాబట్టి నోవహు, అంతే. ఆదివారపు బడిలో మొదటి కథ అదే. ఎన్నోసార్లు చదివినదాన్నే ఆ రాత్రి నెమ్మదిగా, వేలు పెట్టి చదివాను.

ఓడ కొలతలున్నాయి. పొడవు 300 మూరలు, వెడల్పు 50, ఎత్తు 30. లోపలా బయటా కీలు, అంటే నీళ్ళు చొరకుండా పూసే తారులాంటిది, పూయమన్నాడు దేవుడు. పక్కన తలుపు పెట్టమన్నాడు. పైన కిటికీ. చుక్కాని గురించి ఒక్క మాట లేదు. తెరచాప గురించి లేదు. అంటే దాన్ని ఎటు నడపాలన్నది నోవహు చేతుల్లో లేదు.

తర్వాత ఏడో అధ్యాయం. అందరూ లోపలికి వెళ్ళాక, 16వ వచనంలో, ‘యెహోవా ఓడలో అతని మూసివేసెను’ అని ఉంది. ఓడంతా కట్టినవాడు నోవహు. తలుపు చేసినవాడూ నోవహే. వేసింది మాత్రం దేవుడు. నోవహే గనుక ఆ తలుపు వేసి ఉంటే, తుఫాను హోరు వినపడ్డ ప్రతి రాత్రీ లేచి గడియ సరిగ్గా పడిందో లేదో తడిమి చూసుకునేవాడేమో. నేనైతే తప్పకుండా అదే పని చేసేవాణ్ణి. పదిహేనేళ్ళుగా చేస్తున్నదీ అదే.

ఇంకొకటి కనిపించింది, ఇంతకుముందు ఎప్పుడూ ఆలోచించనిది. నీళ్ళు పర్వతాల మీద 15 మూరల ఎత్తు లేచాయని ఆ అధ్యాయంలో రాసి ఉంది. ఆ లెక్క చదివే మనకు తెలుసు. లోపలున్న నోవహుకు అప్పుడు తెలుసా? నీళ్ళు 150 దినాలు భూమి మీద ప్రబలాయి. ఏడో నెల 17వ దినాన ఓడ అరారాతు కొండల మీద నిలిచింది. పదో నెల మొదటి దినాన కొండ శిఖరాలు కనబడ్డాయి. ఆ తర్వాత 40 దినాలకు నోవహు కిటికీ తీశాడని ఎనిమిదో అధ్యాయం చెప్తోంది. అప్పుడు కూడా నేల ఆరిందో లేదో తెలుసుకోవడానికి కాకిని పంపాడు, పావురాన్ని పంపాడు. రెండో నెల 17న లోపలికి వెళ్ళినవాడు మరుసటి ఏడాది రెండో నెల 27న బయటికొచ్చాడు. ఏడాది మీద పది దినాలు. అన్ని నెలలు నీటిమట్టం చెప్పే గేజి ఏదీ ఆయన దగ్గర లేదు.

మరి నీళ్ళు ఎప్పుడు తగ్గడం మొదలైంది? ఎనిమిదో అధ్యాయం మొదటి వచనం. ‘దేవుడు నోవహును జ్ఞాపకము చేసికొనెను.’ నోవహు దేవుణ్ణి జ్ఞాపకం చేసుకున్నాడని కాదు. ఆ ఏడాది పొడవునా నోవహు ఎంత బలంగా ప్రార్థించాడో, విశ్వాసం ఏ రోజు ఎంత ఉందో, భయపడ్డాడో లేదో ఒక్క ముక్క కూడా రాయలేదు. భయపడే ఉంటాడు. ఆ ఊపులో పడిపోయి మోకాళ్ళు కొట్టుకునే ఉంటాడు. పడినా ఓడలోనే పడతాడు కదా.

అక్కడ ఆగిపోయాను. టార్చిలైటు ఆపి చీకట్లో కూర్చున్నాను.

మా పాస్టర్ గారు ఒకసారి ఆ ‘కీలు’ గురించి చెప్పారు. ఆదికాండం 6:14లో ఆ మాటకు హెబ్రీ భాషలో కోఫెర్ అని ఉందట. వేరేచోట్ల అదే మాట ప్రాణానికి బదులుగా ఇచ్చే విమోచన క్రయధనానికి వాడారు, నిర్గమకాండం 30వ అధ్యాయంలో అలా ఉంది. ప్రాయశ్చిత్తం అనే మాట కూడా ఆ కుదురులోదే. అది విన్నరోజు బాగుందని నోట్‌బుక్‌లో రాసుకుని మర్చిపోయాను. ఆ రాత్రి అది వేరేగా వినబడింది. చెక్కల మధ్య సందుల్లోంచి నీళ్ళు లోపలికి రాకుండా ఆపింది ఆ కీలు. నోవహు ధైర్యం కాదు. నా మీదికి రావలసిన తీర్పు లోపలికి రాకుండా ఆపింది క్రీస్తు రక్తం. నా కన్నీళ్ళు కాదు, నేను చెయ్యెత్తిన లెక్కా కాదు.

మూడింటప్పుడు అమ్మ లేచింది. నన్ను చూసి, ‘ఇంకా పడుకోలేదా?’ అంది.

‘నీళ్ళెంత వచ్చాయో తెలియదమ్మా. నీకు నిద్రెలా పట్టింది?’

అమ్మ కళ్ళజోడు కోసం తడుముకుంటూ, ‘నాకూ తెలియదురా నీళ్ళెంతున్నాయో. మనం మిట్ట మీదున్నామని తెలుసు. నేను నిద్రపోయినా మిట్ట దిగిపోదు కదా’ అంది. తర్వాత మందు వేసుకుని మళ్ళీ పడుకుంది.

ఆవిడ నాకు వాక్యం చెప్పాలని చెప్పలేదు. నిద్రమత్తులో అన్న మాట. కానీ నేను పదిహేనేళ్ళుగా మిట్ట ఎక్కి కూర్చుని, నీళ్ళ గురించీ నా నిద్ర గురించీ దిగులు పడుతున్నాను. మిట్ట గురించి ఒక్కరోజూ ఆలోచించలేదు. యోహాను పదో అధ్యాయంలో ప్రభువు ‘నా చేతిలోనుండి’ అన్నాక తర్వాతి వచనంలో ‘నా తండ్రి చేతిలోనుండి’ అని కూడా అన్నారు. అక్కడున్న చేతుల్లో ఒకటి ప్రభువుది, ఇంకొకటి తండ్రిది. నా చెయ్యి ఎంత గట్టిగా పట్టుకుందో ఆ వచనాల్లో లేదు. పాస్టర్ గారు అన్నిసార్లు చదివించినా నా కన్ను ఆ మాట మీద పడలేదు.

ఒకటి చెప్పాలి. రక్షణ పోతుందా పోదా అని సంఘాల మధ్య పెద్ద వాదన ఉంది. నేను అందులోకి దిగడం లేదు, నాకంత చదువు లేదు. నాకు తెలిసింది ఇంతే. క్రీస్తు దగ్గరికి వచ్చినవాడు భద్రంగా ఉండేది క్రీస్తును బట్టి. ఆ రాత్రి నేను కొత్తగా రక్షణ పొందలేదు. చెయ్యెత్తలేదు కూడా. ‘ప్రభువా, నువ్వు వేసిన తలుపును నేను తడమడం మానేస్తాను’ అని మాత్రం చెప్పాను. తర్వాత నిద్రపట్టింది. బెంచీ మీద, దిండు లేకుండా.

తెల్లారాక తెలిసింది, వరద పోటు నాలుగింటికి మమ్మల్ని దాటిపోయిందని. ఆ వేళకి నేను నిద్రలో ఉన్నాను. గట్టు నిలిచింది. దిగువన మాత్రం ఒకచోట నిలవలేదు. ఆ కబురు విన్నాక గదిలో ఎవరూ స్తోత్రం అని గట్టిగా అనలేకపోయారు. మధ్యాహ్నానికి అక్కడినుంచి వచ్చిన కుటుంబాలకి మా గది ఖాళీ చేసిచ్చాం. వాళ్ళలో ఒక విశ్వాసి, నడి వయసు మనిషి, ఇల్లంతా పోయింది. నేనేం మాట్లాడాలో తెలియక నిలబడితే ఆయనే యెషయా 43వ అధ్యాయం ఎత్తుకున్నారు. ‘నీవు జలములలో బడి దాటునప్పుడు నేను నీకు తోడై యుందును.’ తర్వాత, ‘నీళ్ళు రావని ఆయన అనలేదు బాబూ’ అన్నారు. ఆయన గొంతు వణుకుతోంది. వణుకుతూనే అన్నారు.

అప్పటినుంచి మత్తయి ఏడో అధ్యాయంలో, వరదకు బండ మీది ఇల్లు నిలిచి ఇసుక మీది ఇల్లు కూలిన రెండిళ్ళ ఉపమానం చదివితే నాకు ఆయనే గుర్తొస్తారు. యేసు ప్రభువు నడిచిన ఆ దేశంలో ఎండాకాలం వాగులు ఎండిపోతాయి. అడుగున ఇసుక చదునుగా, గట్టి నేలలా కనిపిస్తుంది. వానాకాలంలో కొండలమీద వాన పడితే అదే చోట హఠాత్తుగా వరద దూకుతుంది. బండ మీది ఇంటికీ ఇసుక మీది ఇంటికీ వచ్చింది ఒకే వాన, ఒకే గాలి, ఒకే వరద. బండ మీద కట్టినవాడికి వాన తగ్గించి పంపలేదు. బండ అంటే మన ఇటుకల ఇల్లు మునగదనే హామీ అయితే, ఆ విశ్వాసి ఇసుక మీద కట్టినట్టవుతుంది. అలా అనే నోరు ఎవరికీ ఉండకూడదు. ఆయన ఇల్లు పోయింది, ఆయన మాత్రం పడలేదు.

మేం ఇంటికి వెళ్ళాలని తొందరపడుతుంటే ఇంజినీరు గారు ఇంకో రోజు ఆగమన్నారు. నీళ్ళు తీస్తున్నాయి కదా అంటే, తీసేటప్పుడే గట్టును ఎక్కువ కనిపెట్టి ఉండాలన్నారు. రెండు రోజులు నానిన మట్టి లోపల నీళ్ళు పట్టుకుని ఉంటుంది. నదివైపు నీళ్ళు ఉన్నంతసేపు ఆ వాలుకు ఆసరా ఉంటుంది. అవి ఒక్కసారిగా తగ్గితే ఆసరా పోయి, నానిన మట్టి బరువుకు వాలు జారిపోతుందట. నాకు ఆదికాండం తొమ్మిదో అధ్యాయం గుర్తొచ్చింది. అంత వరద దాటిన నోవహు నేల ఆరాక ద్రాక్షతోట వేసి, తాగి, గుడారంలో బట్టల్లేకుండా పడిపోయాడు. నా జీవితంలో కూడా ఘోరంగా తప్పిపోయిన రోజులు కష్టకాలంలో లేవు. పెద్ద కూడికలు అయిపోయిన వారంలో, ప్రార్థనకు జవాబు వచ్చిన నెలలో ఉన్నాయి. అలా పడిన నోవహు పేరునే హెబ్రీ పత్రిక 11వ అధ్యాయంలో విశ్వాసుల వరసలో రాయించాడు దేవుడు. అదే అధ్యాయం, హెచ్చరిక విన్న నోవహు భయభక్తులు గలవాడై ఓడ సిద్ధం చేశాడని కూడా చెప్తోంది. భయం ఆయన చేత ఓడ కట్టించింది. నా చేత ఇన్నేళ్ళూ గేజి చూపించింది.

ఇప్పుడు అన్నయ్య సంగతి.

నాన్న బతికుండగా ఒకరికి కొంత డబ్బు అప్పిచ్చారు. నాన్న పోయిన ఏడాదికి ఆ మనిషి నిజాయితీగా తెచ్చి నా చేతిలో పెట్టారు. అందులో సగం అన్నయ్యది. నేను చెప్పలేదు. నాలుగేళ్ళు. అందులోంచి సంఘానికి కానుక కూడా ఇచ్చాను, ఇచ్చిన రోజు మనసు తేలికైంది, వారం తిరగకముందే మళ్ళీ బరువెక్కింది. ఉపవాసాలు ఎక్కువ చేశాను. తెల్లవారుజామున లేచి ప్రార్థించాను. గట్టు పైన బస్తాలు పేరుస్తూ పోయాను. ఇవతల నేలలోంచి మాత్రం బురద నీళ్ళు వస్తూనే ఉన్నాయి. ఒక చోట మూస్తే ఇంకో చోట, పాప మీద కోపంగానో, భార్యతో ముభావంగానో, రాత్రిళ్ళు ఆ భయంగానో లేచేది.

ఆ విషయం దేవుడి ముందు తెరవడానికి ఇన్నేళ్ళూ భయపడ్డాను. తెరిస్తే నా రక్షణ అంతా ఉత్తదని తేలిపోతుందేమోనని భయం. హైస్కూలు వరండాలో ఆ రాత్రి ఆ భయం పట్టు సడలింది. తలుపు వేసింది ఆయనైతే, లోపల ఎంత బురద ఉందో ఆయనకు చూపించడానికి నాకు అడ్డేముంది? మన పాపాలు ఒప్పుకుంటే ఆయన నమ్మదగినవాడు, నీతిమంతుడు కనుక క్షమిస్తాడని మొదటి యోహాను పత్రికలో ఉంది. చిన్నప్పుడు కంఠతా పట్టిన వచనమే.

ఇల్లు చేరిన రోజు ముందు నా భార్యకు చెప్పాను. ఆమె చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, ‘మీ అన్నయ్యకి మీరే చెప్పండి, అత్తయ్య చేత చెప్పించొద్దు’ అంది. మరునాడు ఫోన్ చేశాను. వరద గురించి అనుకుని అన్నయ్య, ‘అందరూ బాగున్నారా, అమ్మెలా ఉంది’ అని అడుగుతున్నాడు. బాగున్నాం అని చెప్పి, విషయం చెప్పాను. ఎంత డబ్బో, ఎప్పుడు వచ్చిందో, ఎందుకు దాచానో. సాకులు చెప్పకుండా చెప్పడానికి చాలా కష్టపడ్డాను. అవతల నిశ్శబ్దం. ‘నాలుగేళ్ళా?’ అని ఒక్క మాట అని ఫోన్ పెట్టేశాడు.

డబ్బు మూడు విడతల్లో పంపాను. మొదటి రెండింటికీ జవాబు లేదు. ఆ రోజుల్లో పాత అలవాటు మళ్ళీ తలెత్తింది. పడుకునేముందు లోపలికి తొంగిచూసి, ‘అన్నయ్య క్షమించలేదు, దేవుడు మాత్రం క్షమించాడని ఎలా అనుకోను’ అని లెక్కలు వెయ్యబోయాను. అప్పుడు అమ్మ మాట గుర్తు చేసుకునేవాణ్ణి. కొన్ని రాత్రిళ్ళు నిద్రపట్టింది, కొన్ని రాత్రిళ్ళు పట్టలేదు. పట్టని రాత్రి కూడా భయం మునుపటిలా గొంతు పట్టుకోలేదు.

గట్టు దగ్గర ఆ ఊట లేచిన చోట ఇప్పుడు నేల వెడల్పుగా ఎత్తు చేసి మట్టి దిమ్మ వేశారు. పాపని తీసుకుని అటు వెళ్ళినప్పుడు ఆ చోటు చూపిస్తుంటాను. అన్నయ్యతో ఇంకా అంతా కుదుటపడలేదు. మూడో విడత అందాక, పోయిన ఆదివారం తనే ఫోన్ చేశాడు, అమ్మ మందుల గురించి అడగడానికి. పది నిమిషాలు మాట్లాడుకున్నాం.